దేవుని సృష్టిలో జంతువులు: వాటి ఉపయోగము, మన బాధ్యత

(శతవార్షికోత్సవ సందర్భమున గ్రామ సంఘముల ప్రతినిధుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవమనగానే మనము మందిరములను, బడులను, ఆసుపత్రులను, వాటిని కట్టించిన భక్తులను తలంచుకొందుము. అది తగిన పనియే. అయితే మన సంఘములకు ఎన్నో ఏండ్లు సేవచేసి, ఏ రిజిస్టరులోను పేరెక్కని సేవకులు కొందరున్నారు. మందిరపు గోడలకు రాయి, సున్నము, కలప మోసినవి ఎడ్లు. వానకాలపు బురదలో గురువులను ఊరూర దింపినవి ఎడ్లబండ్లు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘమున భారతీయులలో మొదటి బిషప్పు అయిన అజరయ్య అయ్యగారు సయితము దోర్నకల్ ప్రాంతపు పల్లెలను ఎడ్లబండి మీదను, సైకిలు మీదను తిరిగి దర్శించిరి. ఇక కోతపండుగనాడు ఆరాధన ముగిసిన తరువాత ఆవరణలో వేలము వేసిన కోడిపెట్టలు, మేకపిల్లలు, గుడ్లు ఎన్ని సంఘములలో ఉపదేశకుని జీతమునకు ఆసరా అయినవో పెద్దలకు తెలియును.

కావున ఈ దినమున ఆ మూగసేవకులను గూర్చి కొంచెము ధ్యానించుట యుక్తమని తలంచితిమి. ఇది చిన్న అంశమని, సువార్తకు దూరమైనదని ఎవరికైనను తోచవచ్చును. దూరమైనది కాదనియు, మన పూర్వుల చరిత్ర వరకును, మన ఇండ్లలోని వృద్ధుల మంచము వరకును వచ్చు అంశమనియు చూపుటకు ప్రయత్నింతుము.

జంతువులను దేవుడెందుకు చేసెనని ఆదివారపు బడిలో అడిగినచో పిల్లలు వెంటనే చేతులెత్తుదురు. ఆవు పాలిచ్చుటకు, ఎద్దు దున్నుటకు, కుక్క కాపలాకు, కోడి గుడ్లకు అని చెప్పుదురు. ఈ జవాబు తప్పు కాదు, గాని సగము మాత్రమే. వారిలో తెలివిగల పిల్లవాడొకడు లేచి, "మరి తేలెందుకండీ? రాబందు ఎందుకండీ? పనిచేయలేని ముసలి ఎద్దు ఎందుకండీ?" అని అడిగినచో మనమేమి చెప్పుదుము? మిగిలిన సగము జవాబు ఆ ప్రశ్నలో ఉన్నది.

1. మొదట దేవుని చూపు, తరువాత మన అవసరము

ఆదికాండము మొదటి అధ్యాయమును నెమ్మదిగా చదివినచో మూడు సంగతులు కనబడును.

మొదటిది: ఐదవ దినమున చేపలను, పక్షులను, ఆరవ దినమున పశువులను, పురుగులను, అడవిమృగములను దేవుడు చేసి, చూచి, అవి మంచివని తలంచెను. అప్పటికి నరుడు ఇంకను పుట్టలేదు. దున్నుటకు చేను లేదు, పాలు పితుకుటకు చెయ్యి లేదు, సంతలో బేరమాడువాడు లేడు. ఎవరికిని ఏ ఉపయోగమును లేని సమయముననే అవి దేవుని దృష్టికి మంచివాయెను.

రెండవది: బైబిలు గ్రంథములో మొట్టమొదటి ఆశీర్వాదము పొందినది నరుడు కాడు. చేపలు, పక్షులు దానిని మొదట పొందినవి (ఆది. 1:22).

మూడవది: నరునికి ప్రత్యేకముగా ఒక దినము కేటాయింపబడలేదు. పశువు పుట్టిన ఆరవ దినముననే నరుడును పుట్టెను. రెండవ అధ్యాయములో నరుడు నేలమంటినుండి చేయబడెను, జంతువులును నేలనుండియే చేయబడెను. మనకున్న ప్రత్యేకత దేవుని పోలిక. ఆ పోలికతోపాటు ఏలుబడి ఇయ్యబడెను. అయితే దేవుని పోలిక గలవాడు దేవుడు ఏలునట్లే ఏలవలెను గదా! మందను మేపక తమ కడుపే నింపుకొనిన కాపరులను యెహెజ్కేలు ప్రవక్త 34వ అధ్యాయములో ఎంత కఠినముగా గద్దించెనో మనకు తెలియును. ఏలుబడి అనగా కాపరితనము, దోపిడి కాదు.

ఆదాము జంతువులకు పేర్లు పెట్టెను. ఆవుకు, ఎద్దుకు పేరు పెట్టి పిలుచు అలవాటు మన పల్లెలలో నేటికిని ఉన్నది. పేరు పెట్టి పిలిచినది ఇక వట్టి వస్తువు కాదు.

ఇచ్చట ఒక మాట చెప్పవలెను. మాంసము తినువారిని, తిననివారిని తీర్పు తీర్చుట మా ఉద్దేశము కాదు. జలప్రళయము తరువాత దేవుడు నోవహుకు మాంసాహారమును అనుమతించెను. అయితే రక్తమును విడిచిపెట్టుమనుటలో, ప్రాణము తనదేయని జ్ఞాపకము చేసెను. తినుటకు సెలవు కలదు, హింసించుటకు లేదు.

2. ఉపయోగము దేవుని దానమే

జంతువుల ఉపయోగమును తక్కువగా చెప్పుటయు కృతఘ్నతయే. ఎడ్లు లేని కొట్టము శుభ్రముగానే ఉండును గాని, గాదె నిండుట ఎద్దు బలము వలననే అని సొలొమోను భావము (సామెతలు 14:4). పేడకళ్లు ఎత్తిన మన తల్లులకు ఈ సామెత అర్థము బోధింపనక్కరలేదు.

మన నేల ఇచ్చిన ఎడ్లు లోకమెల్ల ఎరిగినవి. గుండ్లకమ్మ తీరపు ఒంగోలు జాతి పశువులు ఓడలెక్కి బ్రెజిల్ దేశమునకు వెళ్లి, మన నెల్లూరు పేరుతో నెలోరె అని పిలువబడుచు, అక్కడి మాంసపు పశుసంపదలో అధికభాగమైనవి. చిత్తూరు సీమలోని పుంగనూరు పొట్టి ఆవు కొద్దిపాటి మేతతో చిక్కని పాలిచ్చును. ఇక గొర్రెల సంగతి: 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారము గొర్రెల సంఖ్యలో దేశములో తెలంగాణ మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండవది. కాపరిని గూర్చిన ప్రభువు ఉపమానములు మనకు పరాయివి కావు. గొంగడి కప్పుకొని, కర్ర పట్టుకొని, మంద వెంట జిల్లాలు దాటిపోవు కాపరిని మనము దారిలోనే చూచుచున్నాము.

చిన్నప్రాణుల మేలు ఇంకను గొప్పది. తేనెటీగ తనకొరకు పువ్వునుండి పువ్వునకు తిరుగుచు మన తోటలకు కాయ కట్టించును. వానపాము మట్టిని తిని, విడిచి, నేలను గుల్లచేయును. చార్లెస్ డార్విన్ పండితుడు తన చివరి గ్రంథమును 1881లో ఆ వానపాములను గూర్చియే ప్రకటించెను.

మరియొక సంగతి వినుడి. చేనిలో పాము కరచిన రైతుకు ఆసుపత్రిలో ఎక్కించు మందు ఎక్కడిది? పాము విషమును మెల్లమెల్లగా కొంచెము కొంచెముగా గుఱ్ఱమునకు ఎక్కించి, దాని రక్తములో విరుగుడు పుట్టిన తరువాత, ఆ రక్తమునుండి ఆ మందును తీయుదురు. ఎన్నడును చూడని గుఱ్ఱము రక్తము ఇచ్చుటచేత మన పొరుగువాడు బ్రదుకుచున్నాడు. అంతేకాదు, ఆ మందు తయారగుటకు పాము విషమే కావలెను!

3. మనకు తెలియని ఉపయోగము

యోబు గ్రంథము 38వ అధ్యాయము మొదలుకొని దేవుడు యోబును ఒక వింత తరగతిలో కూర్చుండబెట్టెను. ఆయన చూపించిన జంతువులలో గుఱ్ఱమొకటి తప్ప ఎక్కువభాగము మనుష్యుని చేతికి రానివే. సింహము, కొండమేక, అడవిగాడిద, నిప్పుకోడి, డేగ, కొండకొమ్మున గూడు కట్టు పక్షి. వీటివలన నీకేమి లాభమని దేవుడు చెప్పలేదు. నేను వీటిని ఎరుగుదును, పోషింతును అనునదే ఆ పాఠము. మన లెక్కలో లేనివి దేవుని లెక్కలో ఉన్నవి.

మన లెక్క తప్పినప్పుడు ఏమి జరుగునో మన దేశమే చూచినది. రాబందును మనము అశుభమని తరిమితిమి. బోడితల, చచ్చినదాని మీద వ్రాలు అలవాటు, ఎవరికి ఇష్టము? 1990వ దశకములో అవి గుంపులు గుంపులుగా రాలిపోయినవి. తెల్లవీపు రాబందులు 1992–2007 సంవత్సరముల మధ్య మన దేశములో 99 శాతమునకు పైగా నశించినవి. కారణము 2004లో బయటపడినది. పశువుల నొప్పికి, వాపునకు వాడిన డైక్లోఫెనాక్ అను మందు ఆ కళేబరములలో మిగిలి, దానిని తిన్న రాబందుల మూత్రపిండములను చెడగొట్టెను. 2006లో పశువైద్యములో దానిని నిషేధించిరి. మెలాక్సికామ్ అను మందు రాబందులకు హాని చేయదని కనుగొనిరి.

ఈలోగా ఊరి వెలుపల కళేబరములు కుళ్లినవి. నీళ్లు చెడినవి, కుక్కలు పెరిగినవి. 2024లో ప్రకటింపబడిన ఒక పరిశోధన, రాబందులు పోయినందున 2000–2005 సంవత్సరముల మధ్య మన దేశములో సుమారు 5 లక్షలమంది అదనముగా మరణించిరని అంచనా వేసెను. మనము ఛీకొట్టిన పక్షి ఏ కూలియు అడుగక మన పిల్లలను కాపాడుచుండెనని అది పోయిన తరువాత తెలిసినది.

లేవీయకాండము ఈ పక్షిని తినకూడనివాటిలో చేర్చినది. తినకూడనిదనెనే గాని బ్రదుకకూడనిదని అనలేదు. ఐగుప్తునుండి తన జనులను రెక్కలమీద మోసికొని వచ్చితినని దేవుడు చెప్పినచోట హెబ్రీ భాషలో ఉన్న 'నెషెర్' అను పదము పక్షిరాజుకును, రాబందుకును చెల్లునని పండితులు చెప్పుదురు. మీకా ప్రవక్త దాని బోడితలను గూర్చి మాటలాడుట అందుకు ఒక ఆధారము. దేవుడు తన ప్రేమకు పోలికగా తీసికొనిన రెక్కలు మనము అసహ్యించుకొనిన రెక్కలేయైన, ఎంత ఆశ్చర్యము!

కప్పల సంగతియు అట్టిదే. వరిచేలలో పురుగులను తిను కప్పలను పట్టి, వాటి కాళ్లను విదేశములకు ఎగుమతి చేసితిమి. 1987లో ప్రభుత్వము ఆ ఎగుమతిని నిషేధించినది. చేలో కాపలాదారుని అమ్ముకొని, తరువాత పురుగుమందు కొనుట ఎట్టి వ్యాపారమో రైతు సహోదరులే చెప్పవలెను.

4. ధర్మశాస్త్రములోని దయ

ఇంటి పశువు విషయములో దేవుడు మనలను కేవలము మన మంచితనమునకు విడిచిపెట్టలేదు, ఆజ్ఞలు ఇచ్చెను. విశ్రాంతిదినము యజమానునికే గాక ఎద్దుకును, గాడిదకును ఇయ్యబడెను. కళ్లములో బంతి తిరుగు ఎద్దు నోటికి చిక్కము కట్టరాదు. కష్టము దానిది, నాలుగు కంకులు తినుట దాని హక్కు. ఎద్దును గాడిదను ఒకే కాడికి కట్టరాదు, నడక కలియనిచోట బలహీనమైనదానికి బాధ. పగవాని గాడిద బరువు క్రింద పడియుండిన లేవనెత్తవలెను; మనకు పగ యజమానుని మీదనే గాని గాడిదమీద కాదు. పిట్ట గూటిలో పిల్లలతోపాటు తల్లిని పట్టుకొనరాదు.

ఇస్సాకునకు భార్యను వెదకుటకు వెళ్లిన సేవకుడు ఏ గుణమును గురుతుగా అడిగెను? అందమును కాదు, కట్నమును కాదు. నాకేగాక నా ఒంటెలకును నీళ్లు తోడుదునను పిల్లయే ఆ పిల్ల అని ప్రార్థించెను. ఒంటెలు పది. దప్పిగొన్న ఒంటె ఒక్కటి దాదాపు నూరు లీటర్లు త్రాగగలదు. రిబ్కా బావికి ఎన్ని మారులు దిగి ఎక్కెనో బిందె మోసిన సహోదరీలు లెక్కవేయగలరు.

బిలాము గాడిదను మూడుమారులు కొట్టినందుకు దేవుని దూత వానిని నిలదీసెను. నీనెవెను ఏల విడిచిపెట్టితివని యోనా సణిగినప్పుడు, అక్కడి జనులతోపాటు పశువులును అనేకములున్నవని దేవుడు జ్ఞాపకము చేసెను. ఆ గ్రంథము పశువుల మాటతోనే ముగియును. విశ్రాంతిదినమున బావిలో పడిన ఎద్దును పైకి తీయనివాడెవడని మన ప్రభువు అడిగెను.

ఈ వాక్యములు చదివినవారు ఊరకుండలేదు. 1824లో లండనులో జంతుహింసను ఆపుటకు సంఘమును స్థాపించిన ఆర్థర్ బ్రూమ్ ఒక ఆంగ్లికన్ గురువు. దాని అప్పుల నిమిత్తము ఆయన 1826లో చెరసాలకు వెళ్లెను. బానిసవ్యాపారముతో జీవితమంతయు పోరాడిన విల్బర్‌ఫోర్స్ ఆ స్థాపకులలో ఒకడు. మనుష్యునికి దయచూపు చేతులే పశువునకును దయచూపును. మన దేశములో నేడున్న జంతుహింస నిరోధక చట్టము 1960లో వచ్చినది.

5. తోలుపనివాని ఇల్లు

ఇప్పుడు మన పూర్వుల సంగతికి వచ్చితిమి. మన సంఘములలో అనేకుల తాతముత్తాతలు తోలుపని చేసినవారు. చచ్చిన పశువును మోసి, ఒలిచి, తంగేడుచెక్కతో తోలు పదునుచేసి, చెప్పులు, కాడికి వారులు, బావికి కపిలతోలు, డప్పు చేసియిచ్చిరి. ఊరి వ్యవసాయమంతయు ఆ చేతిపనిమీద నడిచెను. అయినను ఊరు ఆ చేతులను అంటరానివనెను. పశువు బ్రదికియుండగా పాలు త్రాగినవారు గొప్పవారు, అది చచ్చిన తరువాత మోసినవారు తక్కువవారు!

అపొస్తలుల కార్యములు 9, 10 అధ్యాయములు ఈ వెలుగులో చదువుడి. యొప్పేలో పేతురు బస చేసినది సీమోను అను తోలుపనివాని ఇంట. చచ్చిన పశువును ముట్టు వృత్తి గనుక యూదులలో ఆ పనికి గౌరవము లేదు. ఆ ఇంటి మిద్దెమీదనే పేతురునకు దర్శనము కలిగెను. ఆకాశమునుండి దిగిన దుప్పటిలో ఉన్నవి ఏవి? చతుష్పాద జంతువులు, ప్రాకు పురుగులు, పక్షులు, అనగా ఆదికాండము మొదటి అధ్యాయపు జాబితాయే. ఆ దర్శనమునుండి పేతురు నేర్చుకొనినది ఏమి? ఏ మనుష్యుని నీచునిగా, అపవిత్రునిగా ఎంచరాదని. తోలుపనివాని ఇంట, జంతువుల దర్శనము ద్వారా, మనుష్యుని గూర్చిన పాఠము!

మన తెలుగుదేశములో ఈ పాఠము మరల జరిగెను. ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వర్తకుడు. ఆ వర్తకము మీద తిరుగుచుండగా సువార్త విని, 1866లో బాప్తిస్మము పొంది, వచ్చి తనవారికి చెప్పెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు పేరయ్య తోటివారే. ఏ తోళ్ల మూట నిమిత్తము ఊరు వారిని దూరముగా ఉంచెనో ఆ మూటతోనే సువార్త నడిచి వచ్చెను.

కాబట్టి సహోదరులారా, దేవుడు మంచిదనినదానిని నీచమనుట జంతువుతో ఆగదు. జంతువును ముట్టినవాని వరకు వచ్చును. మన పూర్వులు ఆ గాయమును మోసిరి. ఆ గాయము ఎరిగిన సంఘము మరియొక ప్రాణిని పనికిరానిదని త్రోసివేయుటకు తొందరపడరాదు.

6. పని తీరిన తరువాత

మన కాలపు అసలు పరీక్ష ఇదియే. ట్రాక్టరు వచ్చినది, ఎద్దు పని తగ్గినది. గేదె ఈనినది మగదూడయైన, దానికి పాలు విడువకయే అది ఎండిపోవుచున్నది. వట్టిపోయిన ఆవు వీధిలో ప్లాస్టిక్ సంచులు నమలుచున్నది. పేదరైతు మీద నింద వేయుట సులభము. గడ్డి కొనలేని ఇంట ముసలి ఎద్దును మేపుమనుట న్యాయము కాదు. కావుననే ఇది ఒక ఇంటి పని కాక సంఘపు పని కావలెను.

పెద్ద పెద్ద తీర్మానములు అవసరము లేదు. ఎండాకాలమున మందిరపు ఆవరణ వెలుపల పశువులకు నీళ్లతొట్టి యొకటి ఉంచవచ్చును. గాలికుంటు టీకాల దినమున యౌవనుల సమాజము పశువైద్యునికి తోడు నిలువవచ్చును. పశువునకు నొప్పి మందు వేయించునప్పుడు, రాబందులకు హానిలేనిది ఇమ్మని అడుగవచ్చును. వీధికుక్కను రాళ్లతో కొట్టుటకు బదులు కుక్కకాటు టీకా వేయింపవచ్చును. కాడి ఒరిసి మెడ పుండైన ఎద్దును మానువరకు కట్టకుండ, ఆ నాలుగు దినములు పొరుగు సంఘస్థుడు తన ఎద్దును బదులు ఇయ్యవచ్చును. కోతపండుగకు తెచ్చిన కోడిని కాళ్లు కట్టి తలక్రిందులుగా వ్రేలాడదీసి వేలము పాడు అలవాటును ఈ శతవార్షికోత్సవ సంవత్సరముననే మానవచ్చును. దేవునికి అర్పించిన ప్రాణిని దేవుని మందిరపు వాకిట బాధించుట ఏమి స్తోత్రము?

ఇవి చిన్న పనులే. అయితే వీటివెనుక ఉన్న సంగతి చిన్నది కాదు. పనిచేయునంతవరకే విలువ అను లెక్క పశువుల కొట్టములో మొదలై, అక్కడనే ఆగదు. అది మెల్లగా ఇంటి వసారాలోనికి వచ్చి, కుక్కిమంచము మీద పడియున్న తండ్రిని చూచి, "ఇక ఈయనవలన ఏమి ఉపయోగము?" అని అడుగును. పుట్టుకతో అంగవైకల్యము గల బిడ్డను చూచియు అదే అడుగును. పిల్లలు చూచుచున్నారు. ముసలి ఎద్దుకు మనము చేసినది చూచి, ముసలితనమును గూర్చి వారు నేర్చుకొనుచున్నారు.

మన ప్రభువు పిచ్చుకల ధర చెప్పెను. మత్తయి సువార్తలో రెండు పిచ్చుకలు ఒక కాసు. లూకా సువార్తలో ఐదు పిచ్చుకలు రెండు కాసులు. లెక్క చూడుడి: రెండు కాసులకు నాలుగే రావలెను. ఐదవది కొసరు. సంతలో అమ్మువాడు వెలలేక ఊరకనే వేసినది. ఆ కొసరు పిచ్చుకను సయితము దేవుడు మరువలేదని ప్రభువు చెప్పెను. ఉపయోగమునుబట్టి వెల కట్టు లోకములో వెలలేని ప్రాణిని జ్ఞాపకముంచుకొను దేవుడు మన దేవుడు. మన పూర్వులను ఆయన పిలిచినది అట్లే. మనము వృద్ధులమైన తరువాత మనకున్న నిరీక్షణయు అదియే.

సృష్టియంతయు మూలుగుచు, దేవుని పిల్లలు తేటపడు దినమునకై కనిపెట్టుచున్నదని పౌలు రోమా సంఘమునకు వ్రాసెను. మన కొట్టములోని మూగజీవియు ఆ కనిపెట్టువాటిలో ఒకటి. దేవుని బిడ్డ ఎట్టివాడో అది మొదట మన చేతిలోనే చూడవలసియున్నది.

సర్వసృష్టికిని కాపరియైన దేవుడు, మన చేతులకు అప్పగింపబడిన ప్రతి ప్రాణి యెడల కనికరమును, మన ఇండ్లలోని బలహీనుల యెడల గౌరవమును మనకు అనుగ్రహించును గాక. రాబోవు నూరేండ్లలో మన సంఘములు అట్టి కనికరమునకు పేరుపొందును గాక. ఆమేన్.